కార్లో ఖాన్ కనుబొమలు

ఏనుగు మీద ఒక లావుపాటి మనిషి. తలకు పాగా, ఒంటి మీద తూర్పుదేశపు సుల్తాను ఇలాగే ఉంటాడని లండన్ జనం ఊహించుకునే వేషం. ఏనుగు తల ఉండాల్సిన చోట మరో మనిషి ముఖం. ఏనుగుకు ముందు ఒకడు బాకా ఊదుకుంటూ నడుస్తున్నాడు. ఆ బాకాకు వేలాడే గుడ్డ మీద మన దేశపు పటం ముక్క. వెనకాల లెడెన్‌హాల్ వీధిలోని ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయం. జెండా మీద ముందు ‘ప్రజల మనిషి’ అని రాసి, దాన్ని కొట్టేసి, గ్రీకులో ‘రాజాధిరాజు’ అని దిద్దారు. కింద అంచున సన్నటి అక్షరాల్లో తేదీ: 1783 డిసెంబరు 5.

మొదటిసారి ఈ బొమ్మను కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూసినప్పుడు నా కళ్ళు ఏనుగు మీద నిలవలేదు, పాగా కింద ఉన్న కనుబొమల దగ్గర ఆగిపోయాయి. రెండు నల్లటి గొంగళిపురుగులు నుదుటి మీద ఎదురెదురుగా పాకుతున్నట్టుంటాయవి. ఆ కనుబొమలు చాలు, ఆ కాలపు లండన్‌వాడికి ఆ మనిషెవరో పేరు చెప్పక్కర్లేదు. అతని పేరు చార్ల్స్ జేమ్స్ ఫాక్స్, అప్పటి బ్రిటన్ విదేశాంగ మంత్రి. బొమ్మ పేరు ‘లెడెన్‌హాల్ వీధిలోకి కార్లో ఖాన్ విజయయాత్ర’. గీసింది జేమ్స్ సేయర్స్ అనే మాజీ వకీలు.

ఈ బొమ్మ గురించి మనకు తెలియాల్సిన అవసరం ఏమిటంటే, ఆ కార్యాలయం నుంచి పాలన అందుకుంటున్న నేలలో గంజాం నుంచి ఏలూరు దాకా మన కోస్తా జిల్లాలు కూడా ఉన్నాయి. ఉత్తర సర్కారులు 1765 నాటి మొగలు ఫర్మానుతో, ఆ తర్వాత నిజాంతో 1766, 1768లో కుదిరిన ఒప్పందాలతో కంపెనీ చేతికి వచ్చాయి. అంటే ఆ ఏనుగు మోసుకెళ్తున్నది ఒక రకంగా మన ముత్తాతల శిస్తు లెక్కలనే.

ముఖం ముందు, మనిషి తర్వాత

ఫాక్స్ 1749 జనవరి 24న పుట్టాడు. తండ్రి హెన్రీ ఫాక్స్, సైన్యం జీతాల ఖజానా చూసే పదవిలో బాగా వెనకేసుకున్నాడని పేరు పడ్డ నాయకుడు. తల్లి రెండో చార్ల్స్ రాజు మునిమనవరాలు, అదీ దొంగచాటు సంతానం వైపు నుంచి. రాజు పేరే పిల్లవాడికి పెట్టారు, రాజు చామనఛాయా బొద్దు కనుబొమలూ కూడా వచ్చాయి. ‘కనుబొమ’ అన్నది అతని ముద్దుపేర్లలో ఒకటి. పైగా ఇంటిపేరుకు అర్థం నక్క. ఇలాంటి నాయకుడు దొరికితే కార్టూన్లు గీసేవాళ్ళకు ఇక పండగే. తోక తగిలించిన బొమ్మలు కొల్లలుగా వచ్చాయి.

పందొమ్మిదేళ్ళకే పార్లమెంటు సభ్యుడయ్యాడు. కుర్రతనంలో షోకిల్లా రాయుడు. ఎర్ర మడమల బూట్లు వేసుకుని, జుట్టుకు నీలం పొడి అద్దుకుని తిరిగేవాడు. రాత్రంతా క్లబ్బులో పేకాట, తెల్లారితే సభలో ఉపన్యాసం. 1774లో తండ్రి తీర్చిన జూదపు అప్పులు లక్షా ఇరవై వేల పౌండ్ల దాకా ఉంటాయని అంటారు. వయసు మళ్ళేకొద్దీ షోకు పోయి, మాసిన గడ్డమూ పైకి ఎగదన్నిన వెయిస్ట్‌కోటు గుండీలూ మిగిలాయి. కార్టూన్లలో అతని గడ్డం మీద చుక్కలు చుక్కలుగా కనిపించేది ఆ మాసిన గడ్డమే.

అమెరికా యుద్ధకాలంలో ఫాక్స్ తిరుగుబాటుదార్ల పక్షం వహించాడు. వాషింగ్టన్ సైన్యం రంగులైన నీలం కోటు, లేత గోధుమరంగు వెయిస్ట్‌కోటు అతని పక్షానికి గుర్తు అయిపోయాయి. కనుబొమలు, గడ్డం, బొజ్జ, ఈ రెండు రంగులు. ఇవన్నీ ఉత్తుత్తివి కావు, నిజంగా ఉన్నవే. వ్యంగ్య చిత్రకారుడికి కావలసింది ముడిసరుకు, అది ఫాక్స్ ముఖం నిండా దొరికింది.

అతని ప్రత్యర్థి విలియం పిట్ విషయంలో ఈ సౌకర్యం లేదు. వెదురుబద్దలా సన్నగా, ముక్కు పైకెత్తుకుని, ఏ కంపు వాసనో వస్తున్నట్టు నడిచే మనిషి. అతని మీద కూడా బొమ్మలు వేశారు, పైగా ఘోరంగా వేశారు. జేమ్స్ గిల్‌రే 1791లో పిట్‌ను రాజకిరీటం మీద మొలిచిన పుట్టగొడుగులా గీశాడు. కానీ పిట్ బొమ్మల్లో నవ్వు పుట్టించేది ఊహ, ఫాక్స్ బొమ్మల్లో నవ్వు పుట్టించేది పోలిక. ఈ తేడా చిన్నది కాదు. పోలిక ఉన్న చోట అబద్ధం కూడా సగం నమ్మేట్టే ఉంటుంది.

ఏనుగు ఎందుకు?

1783లో ఫాక్స్ చేసిన పని అప్పటికీ ఇప్పటికీ చాలామందికి మింగుడుపడదు. పన్నెండేళ్ళు ప్రధానిగా ఉండి అమెరికా యుద్ధాన్ని నడిపించిన లార్డ్ నార్త్‌ను ఏళ్ళ తరబడి దుమ్మెత్తిపోసి, చివరికి అదే నార్త్‌తో చేతులు కలిపి ప్రభుత్వంలోకి వచ్చాడు. నార్త్ భారీకాయుడు, చూపు మందం, కళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. ఏనుగు ముఖం అతనిదే. నార్త్ మీదెక్కి ఫాక్స్ సవారీ చేస్తున్నాడన్న మాట చెప్పడానికి సేయర్స్‌కు ఒక్క వాక్యం కూడా అవసరం పడలేదు.

బాకా ఊదేది ఎడ్మండ్ బర్క్. కంపెనీ పాలన మీద ఆ సభలో అందరికన్నా ఎక్కువ చదివినవాడు, అందరికన్నా ఎక్కువ కోపంగా ఉన్నవాడు. ఫాక్స్ నవంబరు 18న ప్రవేశపెట్టిన ఇండియా బిల్లు వెనక మేధ చాలావరకు బర్క్‌దే.

బిల్లులో ఉన్నదేమిటంటే, కంపెనీని నడిపే 24 మంది డైరెక్టర్ల అధికారం తీసేసి ఏడుగురు కమిషనర్ల చేతికివ్వడం. వ్యాపారం చూసుకోవడానికి వాళ్ళ కింద మరో తొమ్మిదిమంది. కమిషనర్లు నాలుగేళ్ళు పదవిలో ఉంటారు, వాళ్ళను రాజు తన ఇష్టం వచ్చినట్టు తీసెయ్యడానికి వీల్లేదు. ఉద్దేశం మంచిదే కావచ్చు. దక్షిణాదిన మైసూరుతో యుద్ధం, బెంగాల్లో కరువు తర్వాతి దోపిడీ, లండన్‌లో దివాలా అంచున కంపెనీ. ఎవరో ఒకరు పగ్గాలు పట్టుకోవలసిన పరిస్థితి. చిక్కంతా ఆ ఏడుగురి పేర్లతో వచ్చింది. అందరూ ఫాక్స్, నార్త్ పక్షం వాళ్ళే, నార్త్ కొడుకు కూడా ఉన్నాడు. కంపెనీలో గుమాస్తా నుంచి గవర్నరు దాకా వేల ఉద్యోగాలు పంచే హక్కు ఆ ఏడుగురి చేతికి వెళ్తుంది. ఆ ఉద్యోగాలు పంచగలిగినవాడు లండన్‌లో ఎన్ని ఓట్లు కొనగలడో వేరే చెప్పాలా?

కాబట్టి ‘ప్రజల మనిషి’ కొట్టివేతకు ఒక అర్థముంది, ‘రాజాధిరాజు’కు ఒక ఆధారముంది. సేయర్స్ అంతకు పది రోజుల ముందే, నవంబరు 25న, ఫాక్స్ ఈస్టిండియా భవనాన్ని పునాదులతో సహా పెకిలించి భుజాన వేసుకుని పోతున్నట్టు ఒక బొమ్మ వదిలాడు. అది వివరణ, డిసెంబరు 5ది ముద్ర. మొదటిది చూసి ‘ఇదేదో బిల్లు గొడవ’ అనుకోవాలి. రెండోది చూస్తే బిల్లు సంగతే గుర్తుకు రాదు. ఏనుగొకటీ ఖానొకడూ కళ్ళ ముందు నిలిచిపోతారు.

నాకు ఇందులో అసలు విడ్డూరం అనిపించేది ఇది. భారతదేశంలో కంపెనీ దోపిడీని అదుపు చెయ్యడానికి వచ్చిన బిల్లు, భారతీయ వేషం కట్టించడం వల్లనే లండన్‌లో భయంకరమైనదిగా కనబడింది. పాగా, ఏనుగు, ఖాన్ అన్న బిరుదు, వీటికి ఇంగ్లీషువాడి మనసులో ఉన్న ఒకే అర్థం నిరంకుశత్వం. దోపిడీ చేసి తిరిగొచ్చిన కంపెనీ దొరలు కోట్లు వేసుకుని పల్లకీల్లో తిరుగుతుంటే వాళ్ళు మర్యాదస్తులు. వాళ్ళను ఆపబోయినవాడు సుల్తాను.

బిల్లు డిసెంబరు 8న కామన్స్ సభలో 208కి 102 ఓట్లతో నెగ్గింది. బొమ్మ వచ్చి అప్పటికి మూడు రోజులు. దాని దెబ్బకు ఆ సభలో ఎవరూ చలించలేదన్నమాట. దెబ్బ తగిలింది పై సభలో, అదీ బొమ్మ చేతిలో కాదు. ఈ బిల్లుకు ఓటేసినవాడిని నా శత్రువుగా లెక్కేస్తానని మూడో జార్జి రాజు లార్డ్ టెంపుల్ ద్వారా ప్రభువులందరికీ కబురు పంపాడు. 17వ తేదీన 95కు 76 ఓట్లతో బిల్లు పడిపోయింది. మర్నాటి రాత్రి ఫాక్స్, నార్త్‌ల ప్రభుత్వాన్ని రాజు బర్తరఫ్ చేశాడు. 19న ఇరవై నాలుగేళ్ళ పిట్ ప్రధాని అయ్యాడు. మరుసటేడు వచ్చిన పిట్ చట్టం కంపెనీ మీద ఒక నియంత్రణ మండలిని పెట్టింది. మన కోస్తాను 1858 దాకా ఏలింది ఆ ఏర్పాటే.

పిట్ వంశానికి మన నేలతో మరో చుట్టరికం ఉంది. పిట్ ముత్తాత థామస్ పిట్ 1698 నుంచి 1709 దాకా మద్రాసు గవర్నరు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన 410 క్యారెట్ల వజ్రాన్ని ఇరవై వేల పౌండ్ల పైచిలుకుకు కొని, సానబట్టించి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి లక్షా ముప్ఫై అయిదు వేల పౌండ్లకు అమ్మాడు. ఆ రాయి ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆ ఇంటి సిరిసంపదలకు పెద్ద ఊతం ఆ డబ్బే. జూదంలో తండ్రి సొమ్ము తగలేసిన ఫాక్స్‌ను ఎండగట్టిన బొమ్మల్లో సగం కూడా ఈ వజ్రం కథ మీద రాలేదు.

రాగి రేకు, ఆమ్లం, ఒక షిల్లింగు

డిసెంబరు 5న వీధిలోకి వచ్చిన బొమ్మ ఎంత త్వరగా తయారై ఉంటుందో అర్థం కావాలంటే పని పద్ధతి చూడాలి. దీన్ని ఎచింగ్ అంటారు. రాగి రేకుకు మైనం పూత పూస్తారు. సూదితో ఆ పూత మీద గీస్తే, గీసిన చోట రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే అది బయటపడ్డ రాగిని మాత్రమే తినేస్తుంది. మైనం తుడిచేసి, గాళ్ళలో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం వేసి రోలర్ల మధ్య నొక్కితే బొమ్మ దిగుతుంది. కాగితం మీద అంతా కుడి ఎడమలు తారుమారు అవుతుంది కాబట్టి, అక్షరాలు రేకు మీద అద్దంలో కనిపించేట్టు కుడి ఎడమలు తిప్పి చెక్కాలి. చెయ్యి తిరిగినవాడికి ఇదంతా ఒకటి రెండు రోజుల పని. ఉదయం సభలో జరిగిన గొడవ ఆ వారంలోనే దుకాణం అద్దాల వెనక వేలాడుతుంది.

ఘనమైన చిత్తరువుల నకళ్ళు తీసే పద్ధతి వేరు, దాని పేరు మెజోటింట్. పళ్ళున్న పరికరంతో రేకు మొత్తాన్ని ముందే గరుకు చేస్తారు. అలా సిరా పెడితే కాగితమంతా మఖమల్ నలుపు దిగుతుంది. ఆ తర్వాత వెలుగు కావలసిన చోటల్లా గీకి నున్న చేస్తూ పోతారు. చీకట్లోంచి ముఖాన్ని బయటికి లాగినట్టు. నెలల పని, ధర ఎక్కువ, రేకు కూడా తొందరగా అరిగిపోతుంది. కాబట్టి ఒకే మనిషి ముఖం రెండు వేగాలతో జనంలోకి వెళ్ళేది. వెక్కిరింపు పరిగెత్తుకుంటూ, గౌరవం నింపాదిగా.

‘జనంలోకి’ అన్నాను కానీ, ఆ జనం ఎవరన్నది కూడా చూడాలి. రంగు లేని బొమ్మ ఒక షిల్లింగు, చేత్తో రంగులద్దింది రెండు షిల్లింగులు, ఇంకా పైన. లండన్‌లో కూలీకి రోజంతా కష్టపడితే వచ్చేది అంతే. కొనేవాళ్ళు పెద్దింటివాళ్ళు, వకీళ్ళు, సభ్యులు. బొమ్మల పుస్తకాన్ని ఒక సాయంత్రానికి అద్దెకిచ్చే దుకాణాలు కూడా ఉండేవి. డబ్బుల్లేనివాడికి ఊరట కిటికీ అద్దం. గిల్‌రే బొమ్మలు అమ్మిన హానా హంఫ్రీ అనే ఆవిడ దుకాణం ముందు గుంపులు కట్టి నిలబడేవాళ్ళు. గిల్‌రే కాపురం కూడా ఆ దుకాణం ఉన్న ఇంట్లోనే.

వెక్కిరింతకు గురైనవాళ్ళే కొనడం ఇందులో తమాషా. బొజ్జతో, అప్పులతో, ఉంపుడుగత్తెలతో గిల్‌రే చేతికి చిక్కిన యువరాజు జార్జి ఈ బొమ్మలు కట్టలు కట్టలుగా కొనిపించేవాడు. విండ్సర్ కోటలో పోగుపడ్డ అలాంటి వ్యంగ్య చిత్రాలు దాదాపు పది వేలు 1921లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి.

ఆ బొమ్మల అడుగున ఉండే తేదీ, ప్రచురణకర్త పేరు అలంకారానికి పెట్టినవి కావు. 1735 నాటి చట్టం ప్రకారం నకలు కొట్టకుండా హక్కు దక్కాలంటే ఆ వివరాలు రేకు మీద చెక్కాల్సిందే. ఆ పుణ్యాన ఈ రోజు ఏ బొమ్మ ఏ ఓటింగుకు ఎన్ని రోజుల ముందొచ్చిందో లెక్క కట్టగలుగుతున్నాం. బ్రిటిష్ మ్యూజియం కోసం 1771 నుంచి 1832 వరకు వచ్చిన బొమ్మలన్నిటినీ ఒక్కొక్కటిగా వర్ణించి ఏడు సంపుటాలు రాసిన మేరీ డొరొతీ జార్జ్ అనే చరిత్రకారిణి అసలు పనిముట్టు ఆ సన్నటి వరసే. ఎవరైనా ఇలాంటి బొమ్మ చూపిస్తే నేనూ ముందు అడుగుకే చూస్తాను.

రెనాల్డ్స్ ఇచ్చిన జవాబు

సాధారణంగా వినిపించే మాట, చిత్తరువు నిజం చెబుతుంది, కార్టూన్ వంకర చేస్తుంది అని. ఫాక్స్ బొమ్మల్ని తేదీల వరసలో పెట్టి చూస్తే ఆ మాట నిలవదు. ఎక్కువసార్లు ముందు వచ్చింది కార్టూనే, చిత్తరువు దానికి సమాధానంగా వచ్చింది.

1784 వసంతంలో ఎన్నికలు. వెస్ట్‌మినిస్టర్ నియోజకవర్గంలో పోలింగ్ ఏప్రిల్ 1న మొదలై మే 17 దాకా సాగింది. ఆ పోలింగ్ సాగుతుండగానే రాయల్ అకాడమీ వార్షిక ప్రదర్శన తెరిచారు. అందులో అకాడమీ అధ్యక్షుడు జాషువా రెనాల్డ్స్ వేసిన ఫాక్స్ చిత్తరువు ఉంది. నటి సారా సిడన్స్‌ను విషాద దేవతగా చూపించిన ఆయన సుప్రసిద్ధ చిత్రం కూడా ఆ ఏడాదిదే. నిలువెత్తు ఆవేశం, హావభావాలు ఫాక్స్ బొమ్మలో ఏమీ లేవు. ఒక మనిషి బల్ల పక్కన నిలబడి ఉన్నాడు, బల్ల మీద కాగితాలు. దాని నుంచి జాన్ జోన్స్ చేసిన మెజోటింట్ నవంబరు 1న వచ్చింది. కాగితం మీద అక్షరాలు చదవచ్చు: ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలను మెరుగ్గా క్రమబద్ధం చేసే బిల్లు.

పదవి పోగొట్టిన బిల్లు అది. తలకు పాగా తొడిగించిన బిల్లు. మామూలుగా ఎవరైనా చిత్తరువులో ఓడిపోయిన దస్తావేజును దాస్తారు, గెలిచింది చూపిస్తారు. ఇక్కడ దాన్నే చేతి దగ్గర పెట్టుకుని నిలబడ్డం అంటే, ఏనుగూ లేదు, ఖానూ లేదు, ఉన్నది ఈ కాగితం, కావాలంటే చదువుకోండి అనడమే. కనుబొమలను రెనాల్డ్స్ చెరిపెయ్యలేదు, చెరిపితే అది ఫాక్స్ కాదు. వెలుగు నుదుటి మీద పడేట్టు చూసి, వాటి బరువును ఆలోచనగా మార్చాడు. సేయర్స్ అవే కనుబొమల్ని కుట్రగా చదివించాడు.

ఇంతకీ ఆ ఎన్నికలో ఏమైంది? వెస్ట్‌మినిస్టర్‌కు రెండు సీట్లు. అడ్మిరల్ హుడ్‌కు 6,694 ఓట్లు, ఫాక్స్‌కు 6,234, ప్రభుత్వపక్షపు రెండో అభ్యర్థి సర్ సెసిల్ రే అనేవాడికి 5,998. ఫాక్స్ నెగ్గాడు. దేశంలో మిగతా చోట్ల అతని పక్షం వాళ్ళు వందకు పైగా ఊడ్చుకుపోయారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వ్యంగ్య చిత్రాల దుకాణాలు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న చోటు లండన్, అందులోనూ వెస్ట్‌మినిస్టర్. కార్లో ఖాన్‌ను రోజూ అద్దాల వెనక చూసిన ఓటర్లు అతన్ని గెలిపించారు, దాన్ని చూసే అవకాశం తక్కువున్న ఊళ్ళు అతని మనుషుల్ని ఓడించాయి.

అయినా, పార్లమెంటు చర్చలు, పత్రికల రాతలు అన్నీ కలిపి చేసిన చెరుపు కన్నా సేయర్స్ బొమ్మలు చేసిన చెరుపే ఎక్కువ అని ఫాక్స్ అన్నట్టుగా ఒక మాట చరిత్ర పుస్తకాలన్నిటా తిరుగుతుంది. ఆ మాట మనకు చేర్చింది ప్రత్యర్థి పక్షపు లార్డ్ ఎల్డన్. ఫాక్స్ అని ఉండడని నేననను. కానీ ఓడిన నాయకుడికి రాజు కుట్ర మీద, తన ఎత్తు బెడిసికొట్టడం మీద కన్నా బొమ్మ మీద నెపం వెయ్యడం తేలిక. గెలిచినవాళ్ళకూ అంతే, రాజుగారి కబురు కన్నా ఏనుగు కథ చెప్పుకోవడానికి బాగుంటుంది. మొత్తానికి సేయర్స్ మాత్రం నష్టపోలేదు. పిట్ అతనికి ఆర్థిక న్యాయస్థానంలో పని తక్కువ, జీతం ఖాయం అయిన ఒక పదవి ఇప్పించాడు.

ఆ ఎన్నికలో ఫాక్స్ కన్నా ఎక్కువ మాటలు పడింది డెవన్‌షైర్ డచెస్ జార్జియానా. ఫాక్స్ తరఫున వీధుల్లో తిరిగి ఓట్లడిగినందుకు, ఓటుకో ముద్దు చొప్పున కసాయివాళ్ళకు పంచిందని బొమ్మలు వేశారు. రోలాండ్‌సన్ గీసినది వాటిలో ప్రసిద్ధం. మగ ఏజెంట్లు సారా పోయించి ఓట్లు రాబట్టిన సంగతి మీద ఇన్ని బొమ్మలు రాలేదు.

గిల్‌రే: పోలికే ఆయుధం

సేయర్స్ గీత మొద్దు గీత, భావం పదును. గిల్‌రే దగ్గర రెండూ ఉన్నాయి. రాయల్ అకాడమీ బడిలో చదువుకున్నవాడు, మనిషి ఎముకల అమరిక తెలిసినవాడు. 1782లోనే ఫాక్స్‌ను ఖాళీ జేబులు బయటికి లాగి, జూదపు చక్రం మీద నిలబడ్డ సైతానులా గీశాడు. అప్పటికది ఇంకా సరదా.

ఫ్రెంచి విప్లవంతో సరదా పోయింది. ఫాక్స్ విప్లవాన్ని మెచ్చుకున్నాడు, ఫ్రాన్సుతో యుద్ధం వద్దన్నాడు. 1793 జనవరి 21న లూయీ రాజు తల తెగింది, ఫిబ్రవరి 1న ఫ్రాన్సు యుద్ధం ప్రకటించింది, మార్చి 1న గిల్‌రే ‘ప్రజాస్వామ్యవాది’ బొమ్మ వచ్చింది. అందులో ఫాక్స్‌కు లాగు లేదు, చేతికి నెత్తురు, నడుముకు బాకు, నోట విప్లవగీతం, ఎగిరి గంతేస్తూ అపానవాయువు వదులుతున్నాడు. ఇంత మోటుగా గీసిన ఆ ఒంటి మీద ముఖం మాత్రం ఏ చిత్తరువులోంచో తెచ్చి అతికించినంత కచ్చితంగా ఉంటుంది. 1796లో ఫ్రెంచి దండయాత్ర భయం పుట్టినప్పుడు, సెయింట్ జేమ్స్ వీధిలో స్తంభానికి కట్టేసిన పిట్‌ను ఫాక్స్ కొరడాతో బాదుతున్నట్టు గీశాడు. మరుసటేడు నుంచి గిల్‌రేకు పిట్ ప్రభుత్వం ఏడాదికి 200 పౌండ్ల భత్యం ఇచ్చింది. అందుకని అతని గీతంతా అమ్ముడుపోయిన గీత అనడం తొందరపాటు. భత్యం రాకముందు గీసినవే ఎక్కువ క్రూరమైనవి.

పోలికను అతను ఎంత లెక్కగా వాడాడో చూడాలంటే 1798 నవంబరు 1 నాటి బొమ్మ తియ్యాలి. ముఖం చూసి గుణం చెప్పవచ్చని లావాటర్ అనే స్విట్జర్లాండ్ పండితుడు చేసిన వాదం అప్పుడు పెద్ద ఫ్యాషన్. గిల్‌రే ఏడుగురు ప్రతిపక్ష నాయకుల తలలు మామూలు చిత్తరువుల్లాగే, ఏ వెక్కిరింతా లేకుండా గీశాడు. ప్రతి తల వెనకా దాని జోడు. ఫాక్స్ వెనక మెడకు పాము చుట్టుకున్న సైతాను. నాటకకర్త షెరిడన్ వెనక డబ్బు సంచీతో, ఏసును పట్టిచ్చిన జూడాస్. పక్కపక్కన పెట్టి చూస్తే కనుబొమలు అవే, ముక్కు అదే, పెదవి కొస మాత్రం కాస్త వంగింది, కళ్ళు కాస్త లోపలికి పోయాయి. చిత్తరువుకూ కార్టూనుకూ మధ్య దూరం ఎంత అని ఎవరైనా అడిగితే చూపించాల్సిన బొమ్మ ఇదే. గోటి మందం.

ఇంకోవైపు జవాబులూ వస్తూనే ఉన్నాయి. కార్ల్ ఆంటన్ హికెల్ అనే చిత్రకారుడు 1794లో నీలం కోటు, గోధుమరంగు వెయిస్ట్‌కోటుతో ఫాక్స్‌ను శుభ్రంగా, హుందాగా వేశాడు, లాగు లేని బొమ్మ వచ్చిన ఏడాదికి. జోసెఫ్ నోలెకెన్స్ చెక్కిన పాలరాతి తల రష్యాదాకా వెళ్ళింది. 1791లో ఓచకోవ్ కోట కోసం రష్యాతో యుద్ధానికి పిట్ సిద్ధపడితే ఫాక్స్ అడ్డం తిరిగాడు, పిట్ వెనక్కి తగ్గాడు. సంతోషించిన కేథరిన్ మహారాణి ఆ తలను తెప్పించి ప్రాచీన కాలపు మహావక్తలు డెమోస్తనీస్, సిసెరోల తలల మధ్య పెట్టించింది. గిల్‌రే ఊరుకుంటాడా? మరుసటేడు మార్చిలో ఆ మూడు తలల్నీ వరసగా పెట్టి ఒక బొమ్మ వదిలాడు. ఈసారి జవాబు చిత్తరువుకు కార్టూన్ ఇచ్చింది. రాయికీ రాగికీ మధ్య ఈ వాదం పాతికేళ్ళు ఇలాగే నడిచింది.

చివరి రెండు బొమ్మలు

1806 జనవరిలో పిట్ పోయాడు. ఫాక్స్ మళ్ళీ విదేశాంగ మంత్రి అయ్యాడు. అప్పటికే ఒంట్లో నీరు చేరింది. ఏప్రిల్‌లో గిల్‌రే అతన్ని భార్య పక్కన మంచం మీద పడుకోబెట్టి, పక్కన పిట్ దయ్యాన్ని, మంచం కింద నుంచి పైకి వచ్చే మృత్యువును గీశాడు. జూలైలో వచ్చిన ‘రోగి పరామర్శ’లో కుర్చీకి అంటుకుపోయిన ఫాక్స్, చుట్టూ వారసత్వం కోసం చూసే మిత్రులు. ఆ రెండిటి మధ్యలో, జూన్ 10న, బానిస వ్యాపారాన్ని రద్దు చెయ్యాలన్న తీర్మానాన్ని ఫాక్స్ కామన్స్ సభలో పెట్టాడు. 114కు 15 ఓట్లతో నెగ్గింది. సెప్టెంబరు 13న చనిపోయాడు. రద్దు చట్టం మరుసటేడు వచ్చింది.

వెస్ట్‌మినిస్టర్ ఆబీలో రిచర్డ్ వెస్ట్‌మకాట్ చెక్కిన సమాధి శిల్పంలో ఫాక్స్ స్వేచ్ఛాదేవత చేతుల్లోకి ఒరుగుతుంటాడు. కాళ్ళ దగ్గర ఒక ఆఫ్రికన్ మోకరిల్లి ఉంటాడు. కంపెనీ బిల్లుకు ఆ రాతిలో చోటు దొరకలేదు.

అదే వెస్ట్‌మకాట్ 1816లో బ్లూమ్స్‌బరీ స్క్వేర్‌లో పెట్టిన కంచు విగ్రహం ఇప్పటికీ ఉంది. రోమన్ టోగా కప్పుకుని, చేతిలో రాజు అధికారానికి హద్దులు పెట్టిన పాత పత్రం మాగ్నా కార్టా చుట్టతో కూర్చుని ఉంటాడు ఫాక్స్. ఖాన్ వేషం తీసేసి రోమన్ వేషం కట్టించారన్నమాట. టోగా మడతలు ఎన్ని వేసినా ఆ బొజ్జను మాత్రం దాచలేకపోయాయి.